ఆ యాడ్‌లో పాలసీ యాడుంది? టీవీ యాడ్స్ తీసే పెద్దలకు అనంతపురం నుంచి బహిరంగ లేఖ

అడ్వర్టైజింగ్ ఏజెన్సీల పెద్దలకు, యాడ్ ఫిలిం డైరెక్టర్లకు, వాటికి మాటలు రాసేవాళ్లకు, తెలుగు టీవీ చానెళ్ల యాజమాన్యాలకు,

కాపీలు: ముంబైలోని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ (ఆస్కి) వాళ్లకు, ఢిల్లీలోని సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ వాళ్లకు, ఇన్సూరెన్స్ కంపెనీల్ని చూసే, హైదరాబాద్‌లోని ఐఆర్‌డీఏఐ వాళ్లకు.

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లెలో పుట్టి పెరిగినా, ఇప్పుడు టౌన్‌లో ఒక మీసేవ సెంటర్లో కౌంటర్ మీద కూర్చుంటా, రోజుకి ఎంత లేదన్నా యాభై మంది పేపర్లు నా చేతిలో పడతాయి. మీరు తీసే యాడ్స్ బాగుంటాయి, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు, ముప్పై సెకండ్లలో మనిషి గొంతు పూడుకుపోయేట్టు కథ చెప్పడం మామూలు పని కాదు. పొగడ్త ఇంతటితో చాలు, అసలు సంగతికొస్తా.

ఇట్లా అందరి ముందరా రాయాలని నాకేం సరదా లేదు. టీవీలో ఒక రైతు కథ చూపించి మా నాయనకి పాలసీ అమ్మిన ఇన్సూరెన్స్ కంపెనీకే 2024 ఫిబ్రవరిలో ముందు మెయిల్ పెట్టినా, తెలుగులో. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని ఇంగ్లీషులో ఒక రిప్లై దానంతట అదే వచ్చింది, అంతే, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. యాడ్ వేసిన చానెల్‌కి రిజిస్టర్ పోస్టులో రాసినా, అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది, జవాబు రాలే. యాడ్ తీసిన ఏజెన్సీ ఏదో కనుక్కోవడానికే నాకు రెండు నెలలు పట్టింది, వాళ్లకీ రాసినా, వాళ్లు కార్డు కూడా పంపలే. ముగ్గురి పేర్లూ ఇక్కడ రాయను, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ చేసిన తప్పు అయితే నేను కన్స్యూమర్ కోర్టుకి పోయేదాన్ని, మీ అందరికీ రాసే పనే ఉండేది కాదు.

ఆ యాడ్ ఏందంటే, ఒక రైతు, ఆయనకి రెండెద్దులు, ఒక కూతురు. కూతురికి డాక్టర్ సీటు వస్తుంది, ఫీజుకి డబ్బు లేదు. రాత్రి అందరూ పండుకున్నాక ఆయన ఒక ఎద్దు మెడలో గంట విప్పి గూట్లో పెట్టి, తెల్లారకముందే దాన్ని సంతకి తోలకపోతాడు. కూతురికి చెప్పడు. కాడికి ఒక పక్క మిగిలిన ఎద్దు, ఇంకో పక్క తానే భుజం పెట్టి దున్నుతాడు. పదేండ్లు అయినాక తెల్లకోటు వేసుకున్న కూతురు కారు దిగుతుంది, ఆమె వెనక వ్యాన్‌లోంచి అదే ఎద్దు దిగుతుంది, ఆయన వణికే చేతుల్తో గూట్లోంచి గంట తీసి దాని మెడలో కడతాడు, ఫ్లూటు. తెర తెల్లగా అయిపోయి కంపెనీ పేరు వస్తుంది, బిడ్డ చదువు ఆగకూడదని ఒక ఆడగొంతు మెల్లగా చెప్తుంది. అయిపోయింది.

2021లో ఇది మా ఇంట్లో మొదటిసారి వచ్చినప్పుడు నేను, అమ్మ, నాయన ముగ్గురం అన్నం తింటా ఉన్నాం. నాయన ముద్ద చేతిలోనే పెట్టుకోని చూసినాడు. అయిపోయినాక ఏమన్నాడో తెలుసా? "అది ఆ ఎద్దు కాదు మా. కొమ్ములు చూడు, మొదటి దానికి లోపలికి వంగినాయి, దీనికి నిటారుగా ఉండాయి. పైగా అమ్మేనాటికే దానికి పండ్లన్నీ వచ్చేసినాయి, పదేండ్లకి ఇంకా అట్లా నిగనిగలాడతా దూకుతుందా?" అని చెప్పి, ఎడమ చేత్తో కండ్లు తుడుచుకున్నాడు. అమ్మ నవ్వింది. ఎద్దు దొంగ ఎద్దు అని కనిపెట్టిన మనిషే దానికి ఏడుస్తా ఉన్నాడు.

ఆ మాట నేను మూడేండ్లుగా ఆలోచిస్తా ఉన్నా. ఎద్దుల సంగతి నాయనకి తెలుసు, నలభై ఏండ్ల సేద్యం, అందుకే మీ అబద్ధాన్ని ఒక్క చూపులో పట్టుకున్నాడు. ఇన్సూరెన్స్ సంగతి ఆయనకి తెలీదు. అక్కడ మీ కథ చెప్పిందే వేదం అయింది.

ఆ యాడ్ చివర్లో మిస్డ్ కాల్ నంబర్ ఉంటుంది. నాయన ఎవరికీ చెప్పకుండా చేసినాడు. రెండోరోజు టై కట్టుకున్న ఒక అబ్బాయి బైక్ మీద వచ్చినాడు, మంచోడే, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగినాడు, ట్యాబ్ తీసి మొదట ఏం చేసినాడంటే ఆ యాడే మళ్లీ వేసినాడు. పెద్ద వెర్షన్ అంట, రెండు నిమిషాలు, అందులో ఎద్దు వెనక్కి తిరిగి చూసే షాట్ కూడా ఉంది. అది అయిపోగానే "సార్, పాప ఏం చదువుతా ఉంది?" అని అడిగినాడు. మా నాయన వేలితో ట్యాబ్ మీద సంతకం పెట్టినాడు. ఏడాదికి 36,000 రూపాయలు, పదేండ్లు కట్టాలి, డబ్బు చేతికొచ్చేది 15 ఏండ్లకి.

అంటే 2036లో. నా డిగ్రీ అయిపోయేది 2023లో. బిడ్డ చదువు ఆగకూడదని చూపించి అమ్మిన పాలసీ డబ్బు ఆ బిడ్డకి 33 ఏండ్లు వచ్చినాక వస్తుంది. నేను అప్పటికి రెండు సార్లు పీజీ చేసి నా పిల్లల్ని బడికి పంపతా ఉంటా.

బాండు పోస్టులో వచ్చింది, నలభై చిల్లర పేజీలు, అంతా ఇంగ్లీషు, అమ్మ దానికి పసుపు బొట్టు పెట్టి పట్టాదారు పాస్‌బుక్‌తో పాటు ట్రంకు పెట్టెలో పెట్టింది. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయడానికి పదిహేను రోజులు టైం ఉంటుందని మొదటి పేజీలోనే ఉంది, నేను ఆ పేజీ చూసింది రెండేండ్ల తర్వాత. నేను అప్పుడు హాస్టల్లో ఉన్నా, నన్ను ఎవరూ అడగలే, అడిగినా నాకు మాత్రం ఏం తెలుసని.

మొదటి ప్రీమియం ఇంట్లో ఉన్న డబ్బుతో కట్టినాడు. 2022లో రెండోది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టినాడు. 2023 ఖరీఫ్ సంగతి మీకు తెలియకపోవచ్చు, మా జిల్లాలో వాన మొహం చాటేసింది, ప్రభుత్వమే కరువు మండలాలు ప్రకటించాల్సి వచ్చింది. చెనక్కాయ, మేం బుడ్డలంటాం, ఊడ లోపలికి దిగే టైంలో చుక్క పడలే. మూడో ప్రీమియం కట్టలే. పాలసీ ఆగిపోయింది. 2024 జనవరిలో నేనే తీసుకపోయి సరెండర్ చేయించినా, అంటే గడువుకి ముందే పాలసీ వదిలేసి వచ్చినంత డబ్బు వెనక్కి తీసుకోవడం. కట్టింది 72,000. చేతికొచ్చింది 25,200. కౌంటర్లో ఉన్న మేడం చాలా ఓపిగ్గా చెప్పింది, మూడో ఏడాదిలో సరెండర్ చేస్తే కట్టిన దాంట్లో 35 శాతం అని, రూల్ అదేనని. నేను తర్వాత చదువుకున్నా, ఆ రోజుకి రూల్ నిజంగానే అది. 2024 అక్టోబర్ 1 నుంచి ఐఆర్‌డీఏఐ మార్చింది, ఇప్పుడు ఒక ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టినోళ్లకి కూడా కొంత వెనక్కి వస్తుంది, వెనక్కి ఇచ్చే టైం కూడా అదే ఏడాది 30 రోజులు చేసినారు. మంచిదే. మాకు అందలే.

కాబట్టి మోసం జరిగిందని నేను అనడం లే. ఎవరూ రూల్ తప్పలే, ఎవరూ దొంగ సంతకం పెట్టించలే. అదే నాకు నిద్ర పట్టకుండా చేసేది.

ఏడిపించే యాడ్స్ వద్దని కూడా నేను అనను. ఇది ముందే చెప్పకపోతే మీరు ఈమెకి కథలంటే పడదు అనుకుంటారు. పోలియో చుక్కల యాడ్స్‌లో అమితాబ్ బచ్చన్ జనాన్ని కోప్పడతా ఉంటే, ఇంట్లో పెద్దాయన తిట్టినట్టే ఉండేది, పిల్లోళ్లని ఎత్తుకోని బూత్‌కి పరిగెత్తినారు, దేశంలో సహజ వైరస్‌తో వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో, 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా సర్టిఫికెట్ వచ్చింది. యాడ్ ఒక్కదాని వల్లే అని కాదు, ఇంటింటికీ తిరిగిన ఆశా అక్కలు, అంగన్‌వాడీ అక్కలు లేకపోతే ఏం లేదు, కానీ యాడ్‌కీ అందులో వాటా ఉంది. 2013లో గూగుల్ వాళ్లది ఒకటి వచ్చింది, దేశ విభజనలో విడిపోయి ఢిల్లీలో ఒకరు లాహోర్‌లో ఒకరు ముసలోళ్లైపోయిన స్నేహితుల్ని మనవరాలు కలిపేది, నేను ఇప్పటికీ ఫోన్‌లో పెట్టుకోని చూస్తా. 2017లో విక్స్ వాళ్లు గౌరి సావంత్ అనే ట్రాన్స్‌జెండర్ అమ్మ కథ చూపించినారు, మా హాస్టల్లో అది చూసినాక నోరు మూసుకున్న అమ్మాయిలు ఉండారు. గూగుల్‌లో వెతికితే నష్టపోయేది ఏముంది, విక్స్ డబ్బా కొంటే పోయేది ఎంత? అక్కడ ఏడుపుకి, ఖర్చుకి మధ్య పెద్ద గుంత లేదు.

2014లో థాయిలాండ్ లైఫ్ ఇన్సూరెన్స్ యాడ్ ఒకటి ప్రపంచమంతా తిరిగింది. ఒక కుర్రాడు ఎండిపోయిన మొక్కని కారే నీళ్ల కిందికి జరుపుతాడు, ఒక అవ్వ గుమ్మానికి అరటిపండ్లు తగిలిస్తాడు, అడుక్కునే అమ్మ పక్కన కూర్చున్న పాప చదువుకి తన పర్సులో డబ్బు ఇచ్చేస్తాడు, చివర్లో ఆ పాప బడి డ్రస్‌లో వస్తుంది. మూడు నిమిషాలు ఉంటుంది, ఇన్సూరెన్స్ పాలసీ గురించి ఒక్క ముక్క ఉండదు. మీ ఫీల్డ్‌లో దాన్ని గొప్ప యాడ్ అంటారు, నిజంగా గొప్పదే. కానీ ఒక మీసేవ కౌంటర్ అమ్మాయిగా నాకు కనపడేది ఇంకోటి: ఏమీ చెప్పని యాడ్‌లో అబద్ధం ఎవరూ పట్టుకోలేరు.

మా ఎద్దు యాడ్ కూడా అంతే. మళ్లీ చూడండి, ఆ కథలో ఆ రైతు ఏ పాలసీ తీసుకోడు. ఫీజు కట్టింది ఎద్దు. మరి ఆ యాడ్‌లో పాలసీ యాడుంది? (మా సీమలో 'యాడ' అంటే ఎక్కడ అని, మీకు తెలీకపోతే.) పాలసీ ఉండింటే ఎద్దు అమ్మే పని ఉండేది కాదని మీరు చూసేవాడి మనసులో అనిపించినారు, నోటితో చెప్పలే. నోటితో చెప్పింటే లెక్క అడిగేవాళ్లం.

ఇట్లాంటి యాడ్స్ మా మాదిరి ఇండ్లల్లో ఏం చేస్తాయో నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తా.

1. మీ రైతు ప్రీమియం కట్టే రోజు ఎప్పుడూ తెర మీద కనపడడు. అనంతపురంలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అదీ పడితే. జూన్ జూలైలో విత్తుతాం, అక్టోబర్ నవంబర్‌లో కాయ పీకుతాం. మా నాయన సంతకం పెట్టింది ఆగస్టులో, కాబట్టి ప్రతి ఏడాది ప్రీమియం ఆగస్టులోనే. ఆగస్టులో రైతు డబ్బు చేతిలో ఉండదు, భూమిలో ఉంటుంది. ఎద్దు మెడలో గంట ఎట్లా మోగాలో మీరు ఎంత ఆలోచించింటారు, ఆ గంట కట్టేవాడి చేతికి డబ్బు ఏ నెలలో వస్తుందో ఒక్కరైనా అడిగినారా? నెలనెలా జీతం వచ్చేవాడికి చేసిన పాలసీని పంట మీద బతికేవాడి కథ పెట్టి అమ్మినారు. మా ఊర్లోనే ఆ ఏడాది ఇట్లా తీసుకున్నోళ్లు ఇంకా నలుగురు ఉండారు, అందరివీ రెండో మూడో కంతుకి ఆగిపోయినాయి.

2. కథ తెలుగులో, షరతులు ఇంగ్లీషులో. నేను ఆ యాడ్‌ని ఫోన్‌లో రికార్డు చేసి ఆపి ఆపి చూసినా. ఇసుక రంగు నేల మీద తెల్ల అక్షరాలు, సరిగ్గా ఎద్దు వ్యాన్ దిగే షాట్‌లోనే వస్తాయి, ఆ టైంలో తెర కింద చదివేవాడు ఎవడుంటాడు? హిందీలో తీసి తెలుగులోకి డబ్బింగ్ చెప్పించినారు, పెదాలు కలవకపోయినా గొంతు మాత్రం చక్కటి తెలుగు, కింద ముక్క మాత్రం మార్చలే. 2022 జూన్ 9న కేంద్రం తెచ్చిన గైడ్‌లైన్స్‌లో స్పష్టంగా ఉంది, యాడ్‌లో ఏ భాషలో చెప్తే డిస్‌క్లెయిమర్, అంటే కింద వచ్చే షరతుల ముక్క, ఆ భాషలోనే ఉండాలని. ఆస్కి వాళ్ల రూల్ ప్రకారం అక్షరం ఎత్తు మామూలు టీవీలో 12 పిక్సెల్స్ కన్నా తగ్గకూడదు, ఒక్కో లైను 4 సెకండ్లకి పైగా నిలబడాలి, రెండు లైన్లు మించకూడదు. మా ఇంట్లో ఉండేది పాత 21 అంగుళాల టీవీ, నాయనకి చత్వారం వచ్చి ఆరేండ్లు, ఆయన చదివింది ఆరో తరగతి. తెలుగులో 12 పిక్సెల్స్ పెట్టినా ఆయనకి అది చీమలబారే. ఇంగ్లీషులో పెడితే ఇంక ఎవరికోసం పెట్టినట్టు? ఎప్పుడన్నా కోర్టులో చూపించడానికి పెట్టినట్టు.

3. ఏది తప్పో చూపించమంటే మేం చూపించలేం. "వారంలో తెల్లగా అవుతారు" అంటే అది క్లెయిమ్, అంటే కంపెనీ నోటితో చెప్పిన మాట, అబద్ధం అని నిరూపించొచ్చు. ఎద్దు తిరిగిరావడం క్లెయిమ్ కాదు, కథ. 2019 వినియోగదారుల చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ముఖ్యమైన విషయం కావాలని దాచడం కూడా అని రాసినారు, దానికి 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా అని కూడా ఉంది. ఆస్కి కోడ్‌లో అయితే జనం నమ్మకాన్ని దుర్వినియోగం చేసేట్టు, వాళ్లకి అనుభవం లేకపోవడాన్ని, తెలియకపోవడాన్ని వాడుకునేట్టు యాడ్ ఉండకూడదని మొదటి అధ్యాయంలోనే ఉంది. ఆ కోడ్ మీరు రాసుకున్నదే, 1985 నుంచి మీ ఫీల్డ్ వాళ్లే నడుపుకునే సంస్థ. కన్నీళ్లతో తెలియనితనాన్ని వాడుకుంటే ఆ వాక్యం వర్తించదా? ఇది ఎగతాళికి అడగడం లే, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతా ఉన్నా.

4. ఇది రాయడం కష్టంగా ఉంది. ఏడ్చి మోసపోయినోడు బయటికి చెప్పుకోడు. కల్తీ విత్తనం కొన్నప్పుడు మా నాయన షాపు ముందర నిలబడి ఊరంతా వినేట్టు అరిచినాడు, పాత బాకీ మాఫీ చేయించుకోని వచ్చినాడు. ఈ 46,800 రూపాయలు పోయినప్పుడు మాత్రం ఒక్క మాట మాట్లాడలే. "నేనే కదా మా ఏడ్చి వేలు పెట్టింది" అన్నాడు. అమ్మ ఇంకోసారి ఆ మాట ఎత్తితే లేచి బయటికి పోయినాడు. డబ్బు పోయిన బాధ కన్నా ఏడ్చినందుకు సిగ్గు ఎక్కువ ఉంది ఆయనకి. కూతురి మీద ప్రేమే తన తెలివితక్కువతనం అయిపోయినట్టు అనుకుంటా ఉన్నాడు. నేను తిరుపతిలో పీజీ చేద్దామనుకున్నా, ఆ ఏడాది పోలే, ఆ విషయంలో నాకు ఎవరి మీదా కోపం లేదు, వాన పడలే కాబట్టి పాలసీ లేకపోయినా పోలేకపోయేదాన్నేమో. కానీ ఇప్పుడు నాయన నా మొహం చూసినప్పుడల్లా ఆ ఎద్దు యాడ్ గుర్తొస్తా ఉందని నాకు తెలుస్తా ఉంటుంది. దీన్ని ఏ ఫారంలో ఏ కాలమ్‌లో నింపాలి? సరెండర్ ఫారంలో కారణం అనే చోట మేడం 'పర్సనల్' అని టైప్ చేసింది.

కౌంటర్ దగ్గరికి బాండ్లు పట్టుకోని వచ్చేవాళ్లు కూడా ఇట్లానే. గొంతు తగ్గించి, పక్కనోళ్లు వినకుండా, "పాపా, ఇందులో ఏం రాసినారో రవ్వంత చూడు" అంటారు. రేషన్ కార్డులో పేరు తప్పు పడిందని గట్టిగా కొట్లాడేవాళ్లే.

5. పిల్లోళ్ల పాలల్లో కలిపే పౌడర్ల యాడ్స్. ఇవి నేరుగా అమ్మల మీదికి వస్తాయి, రేస్‌లో వెనకబడిన పిల్లోడు, స్టాండ్‌లో కూర్చుని తలొంచుకున్న అమ్మ, తర్వాత గ్లాసు పాలు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ షాపుల వాళ్లకి చెప్పింది, ఇట్లాంటివాటిని 'హెల్త్ డ్రింక్స్' వరుసలో పెట్టొద్దని, ఎందుకంటే మన ఆహార భద్రత చట్టంలో హెల్త్ డ్రింక్ అనే మాటకి నిర్వచనమే లేదు. ఆన్‌లైన్‌లో వరుస మారింది, మా ఊరి అంగట్లో వేలాడే చిన్న ప్యాకెట్ల దండ మారలే. కూలికి పోయే అక్క రాగిసంగటి తినిపించి మళ్లీ ఈ ప్యాకెట్ కూడా కొంటుంది, కొనకపోతే చెడ్డ అమ్మ అనిపిస్తుంది కాబట్టి.

6. దీనికి మీరు చేసేది ఏమీ లేదు, అయినా చెప్తా. పండక్కి కొడుకో కూతురో దూరం నుంచి ఇంటికొచ్చే యాడ్స్ ఉంటాయి కదా, చీరలవి, స్వీట్లవి, పెయింట్లవి. మా మేనత్త వాళ్లది రాయచోటి పక్క, అక్కడ ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు, చాలా ఇండ్లల్లో పోయింది ఆడోళ్లే, వేరేవాళ్ల పిల్లోళ్లని పెంచడానికి. మేనత్త ఇంటి పక్క జేజి, అంటే అవ్వ, పండగ నెలలో టీవీ పెట్టనీయదు. ఆమె కూతురు కువైట్‌కి పోయి ఆరేండ్లు.

ఇప్పుడు మేం అడిగేది. ఇది మేం అంటే నేను, నాతో పాటు ఈ లేఖ చదివి సంతకం చేసిన మా ఊరి పందొమ్మిది మంది.

ఒకటి, తెలుగులో కథ చెప్తే షరతులు తెలుగులో చెప్పండి, రాయడం కాదు, చెప్పండి. బిడ్డ చదువు ఆగకూడదని చెప్పిన అదే ఆడగొంతుతో, అదే నిదానంతో. మ్యూచువల్ ఫండ్ యాడ్స్ చివర్లో రిస్కు ఉందని వేగంగా చదువుతారు కదా, అందరం నవ్వుకునేవాళ్లం, దానికి ఆ ఫండ్లని చూసే ప్రభుత్వ సంస్థ సెబీ ఒక కొలత పెట్టింది, ఇంగ్లీషులో 14 మాటలు, కనీసం 5 సెకండ్లు తీసుకుంటే అర్థమయ్యేట్టు చెప్పినట్టు అని. ఆ మాత్రం కొలత అయినా ఉంది కాబట్టి ఈరోజు మా ఊర్లో చదువు రాని వాళ్లకి కూడా మ్యూచువల్ ఫండ్ అంటే రిస్కు అనే ముక్క తెలుసు. వినపడితే గుర్తుంటుంది.

రెండు, కష్టపడే నాన్నని చూపించి పొదుపు పాలసీ అమ్మితే మూడు అంకెలు తెర నిండా చూపించాలి. ఏడాదికి ఎంత కట్టాలి, ఎన్నేండ్లు కట్టాలి, రెండేండ్లు కట్టి ఆపేస్తే ఎంత వెనక్కి వస్తుంది. పది సెకండ్లు చాలు. పది సెకండ్ల ఎయిర్‌టైం ఖరీదు అంటారు, నిజమే, ఎద్దు వెనక్కి తిరిగి చూసే షాట్ తీసేయండి, నాలుగు సెకండ్లు అక్కడే మిగులుతాయి.

మూడోది ఇన్సూరెన్స్ కంపెనీలకి, వాళ్లని చూసే ఐఆర్‌డీఏఐకి: ఏజెంటు ఇంటికొచ్చి ట్యాబ్‌లో యాడ్ వేసి అది అయిపోయిన నిమిషంలో సంతకం పెట్టించుకోవడం ఆపించండి. యాడ్ చూపిస్తే ఆరోజు సంతకం వద్దు, తెల్లారి రమ్మనండి. మా దగ్గర ఎద్దు కొనేవాడు కూడా ఒకరోజు మేపి, కాడికి కట్టి చూసినాకే డబ్బిస్తాడు. బాండుతో పాటు తెలుగులో ఒకే ఒక్క పేజీ, పెద్ద అక్షరాలతో, ఇన్ని రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు అనే లైను అన్నిటికన్నా పైన.

చానెళ్ల వాళ్లకి. గంటకి 12 నిమిషాలు మించి యాడ్స్ వేయకూడదని రూల్ ఉంది, దాన్ని ఎవరు ఎంత పాటిస్తా ఉన్నారో చూసేవాళ్లందరికీ తెలుసు, ఆ గొడవ ఇప్పుడు వద్దు. డబ్బింగ్ యాడ్ మీ దగ్గరికి వచ్చినప్పుడు కింది ముక్క తెలుగులో ఉందా లేదా చూడటానికి ఒక మనిషి చాలు. లేకపోతే తిప్పి పంపండి. తెలుగు చానెల్ అని పేరు పెట్టుకున్నందుకు ఈ పని మీదే.

ఆస్కికి, కన్స్యూమర్ అథారిటీకి. డబ్బు, వైద్యం, పిల్లల తిండి, ఈ మూడింట్లో కథని కూడా క్లెయిమ్ లెక్కనే చూడండి. ఆ కథ చూసి మామూలు మనిషి ఏం అనుకుంటాడో అది నిజమా కాదా అని కంపెనీని అడగండి. ఎద్దు యాడ్ చూసినోడు ఈ పాలసీ తీసుకుంటే నా బిడ్డ కాలేజీ ఫీజుకి డబ్బు వస్తుంది అనుకుంటాడు, అందుకే కదా ఆ మిస్డ్ కాల్. వస్తుందా? 18 ఏండ్ల బిడ్డకి 15 ఏండ్ల తర్వాత వస్తుంది. ఈ ఒక్క ప్రశ్న ముందే ఎవరైనా అడిగింటే ఆ యాడ్ అట్లా బయటికి వచ్చేది కాదు.

యాడ్ రాసేవాళ్లకి విడిగా ఇంకో మాట. మీలో చాలామంది ఊర్ల నుంచి పోయినోళ్లే అయ్యుంటారు, లేకపోతే కాడికి భుజం పెట్టే షాట్ రాయలేరు, అది ఎవరో చూసింది, ఎవరి తాతో చేసింది. ఆ తాతకి ఈ పాలసీ అమ్ముతారా? అమ్మేవాళ్లైతే ఏ నెలలో కట్టమని చెప్తారు?

చదివే మామూలు జనానికి కూడా ఒకటి. మీ ఇంట్లో ఇట్లాంటి బాండు ఉంటే ఈరోజే తీసి తేదీ చూడండి, ఇప్పుడు కొత్తగా తీసుకున్నవాటికి చేతికొచ్చిన నాటి నుంచి 30 రోజులు టైం ఉంది. అర్థం కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. సిగ్గుపడొద్దు. మా కౌంటర్‌కి వచ్చినా సరే, నేను చదివి చెప్తా, దానికి సర్వీస్ చార్జీ ఏం లేదు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో జవాబు కావాలి. ఈసారి ఆటోమేటిక్ రిప్లై వద్దు. తెలుగులో రాయండి, అక్షరాలు కొంచెం పెద్దవి పెట్టండి, మా నాయన కూడబలుక్కోని చదువుకుంటాడు.

ఇట్లు,
ఎద్దులు ఇంకా రెండూ ఉన్న ఒక రైతు కూతురు,
కళ్యాణదుర్గం పక్క పల్లె, అనంతపురం జిల్లా